వయసు మీద పడ్డ బ్యాండ్ అని పక్కన పెట్టకండి: రామ్‌స్టైన్ 'త్సైట్' గురించి

"ముప్పై ఏళ్ళ నుంచి ఉన్న రామ్‌స్టైన్ లాంటి జర్మన్ మెటల్ బ్యాండ్ కొత్త ఆల్బమ్‌లు వినాలా, పాత హిట్లు వింటే సరిపోదా?" అని అడిగారు.

సరిపోదు. ముఖ్యంగా 2022 ఏప్రిల్ 29న వచ్చిన 'త్సైట్' (అంటే 'కాలం') ఆల్బమ్ వినకపోతే వాళ్ళని సగమే విన్నట్టు. వాళ్ళ ఎనిమిది ఆల్బమ్‌లలో ఇంత నిజాయితీగా ఉన్నది మరొకటి లేదని నా గట్టి నమ్మకం. 2001 నాటి 'ముట్టర్'ని మించింది లేదనేవాళ్ళు గొడవకు వస్తారు. రానివ్వండి.

నేను జర్మనీలో, కెమ్నిట్స్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు ఖర్చుల కోసం ఒక గోడౌన్‌లో నైట్ షిఫ్టులు చేసేదాన్ని. నాతోపాటు పార్సిళ్ళు సర్దే పెద్దాయన ఒకరుండేవారు. తూర్పు జర్మనీలో పుట్టి పెరిగిన మనిషి, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డారు. రామ్‌స్టైన్ ఆరుగురూ ఆ తూర్పు జర్మనీలో పెరిగినవాళ్ళే కాబట్టి వాళ్ళంటే ఆయనకి సొంత ఊరి కుర్రాళ్ళన్నంత అభిమానం. గాయకుడు టిల్ లిండెమాన్ చిన్నతనంలో పోటీల కోసం ఈత నేర్చినవాడనీ, తర్వాత బుట్టలల్లే పని చేశాడనీ నాకు మొదట చెప్పింది ఆయనే. టీ బ్రేక్‌లో ఫోన్ తీసి ఒక పాట వినిపించి, మళ్ళీ పనికి లేచేలోపు దాని చరిత్రంతా చెప్పేవారు.

2022 మేలో లైప్జిగ్ స్టేడియంలో వాళ్ళ షో పడింది. లిండెమాన్ 1963లో పుట్టిన ఊరు అదే. ఇద్దరం వెళ్ళాం. వాళ్ళు స్టేజీ ఎక్కేసరికి ఇంకా వెలుతురు ఉంది. కొత్త ఆల్బమ్‌లోని మొదటి పాట 'ఆర్మే డేర్ ట్రిస్టెన్'తోనే మొదలుపెట్టారు. 'సోన్నె'కి వచ్చేసరికి జనం మధ్యలో నిలబెట్టిన టవర్ల మీంచి మంటలు లేచాయి. మేం అంత దూరంలో ఉన్నా చెంపలు చుర్రుమన్నాయి, కాలిన ఇంధనం వాసన ముక్కుకి తగిలింది. ఈ మంటల సంగతి మీరు వీడియోల్లో చూసే ఉంటారు, దాని గురించి ఇంతే చాలు.

నాకు గుర్తుండిపోయింది ఆ మంటలకి ముందు వచ్చిన 'త్సైట్' పాట. పియానో మెల్లగా మొదలైంది. అప్పటిదాకా ప్రతి పాటకీ గొంతు చించుకుని అరుస్తున్న మా పెద్దాయన చేతిలోని బీరు గ్లాసు కాళ్ళ దగ్గర పెట్టేసి, టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నారు. పాట అయ్యేదాకా పెదవి కదపలేదు. కాసేపు ఆగమని కాలాన్ని బతిమాలుకునే పాట అది. చివర్లో గిటార్లు ఒక్కసారిగా మీద పడ్డా ఆయన అలాగే నిలబడ్డారు. తిరుగు దారిలో ట్రామ్ కోసం నిలబడ్డప్పుడు అన్నారు: "ముప్పై ఏళ్ళప్పుడు వీళ్ళ పాటలు వింటే ఒంట్లో కోపం పుట్టేది, అప్పుడు నాకు ఆ కోపం కావాలి కూడా. ఇప్పుడు టిల్‌కీ నాకూ ఉన్న భయం ఒక్కటే. అతను దాన్ని పైకి చెప్పాడు, నేను ఇంట్లో ఎవరితోనూ అనలేదు."

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. అంత పాట నడుస్తుంటే మా ముందు వరసలో కుర్రాళ్ళు ఫోన్లు నెత్తిమీదికెత్తి మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేస్తూనే ఉన్నారు. ఆ రికార్డింగులు ఎవరు చూస్తారు? వెనకున్న పొట్టివాళ్ళ సంగతి ఒక్కరికీ పట్టదు.

సరే, ఆల్బమ్‌కి వద్దాం. అసలు ఇది రావాల్సిందే కాదు. 2009 తర్వాత పదేళ్ళు ఆగి 2019లో పేరు లేని ఆల్బమ్ తెచ్చారు, ఆ లెక్కన తర్వాతిది ఎప్పటికో. 2020లో కరోనా వచ్చి టూర్ ఆగిపోయింది. ఖాళీగా కూర్చోలేక పాటలు రాసుకుని, ఫ్రాన్స్‌లోని ల ఫాబ్రీక్ స్టూడియోలో రికార్డు చేశారు. ప్రొడ్యూసర్ ఓల్సెన్ ఇన్‌వోల్టిని. 1994 నుంచి ఒక్క మనిషి కూడా మారని బ్యాండ్ ఇది. మన దగ్గర నాలుగేళ్ళు కలిసి ఉన్న మ్యూజిక్ గ్రూపుని చూపించండి చూద్దాం. ఆ ఆరుగురూ ఊరంతా మూతపడ్డ కాలంలో ఒకచోట కూర్చుంటే ఏం ఆలోచిస్తారు? వయసు గురించే.

అందుకే కవర్ మీద కూడా మంటల్లేవు. బెర్లిన్ ఆడ్లర్స్‌హోఫ్‌లో విమానాల పరీక్షల కోసం 1930లలో కట్టిన కాంక్రీటు టవర్ మెట్లు ఆరుగురూ దిగుతుంటారు. ఆ ఫోటో తీసింది కెనడా గాయకుడు బ్రయాన్ ఆడమ్స్.

పాటల్లో 'త్సిక్ త్సాక్' ప్లాస్టిక్ సర్జరీ మీద. ముడతలు కనపడకూడదని మొహాలు కోయించుకునేవాళ్ళ గురించి ఆ వయసువాళ్ళే పాడితే వచ్చే పదును పాతికేళ్ళ కుర్రాళ్ళు పాడితే రాదు. 'మైనె ట్రేనెన్' పెద్దవాడైనా తల్లి చేతిలో నలిగిపోతున్న కొడుకు కథ, వింటే కడుపులో దేవినట్టు ఉంటుంది. అబద్ధాలకోరు గురించిన 'ల్యూగెన్' నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. మామూలు గొంతుతో మొదలై, పోను పోను గొంతుని కంప్యూటర్‌తో సవరించే ఆటోట్యూన్‌లో ఆ గొంతే వంకర్లు తిరుగుతుంది. మెటల్ బ్యాండ్‌కి ఆటోట్యూన్ ఏంటని తిట్టినవాళ్ళు పాట దేని గురించో పట్టించుకోలేదు. గొంతే అబద్ధమాడుతోంది, అంతకంటే ఎలా చెప్పాలి? బ్రాస్ బ్యాండుతో మొదలయ్యే బూతు పాట ఒకటుంది, దాన్ని దాటేసినా మీకేం నష్టం లేదు.

గిటార్ల జోరు తగ్గిందని కొందరి గొడవ. తగ్గలేదు. రిచర్డ్ క్రుస్పె, పాల్ లాండర్స్ ఇద్దరూ ఒకే రిఫ్‌ని (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్కని) రోకలి పోటు వేసినట్టు కొట్టడం 'ఆంగ్స్ట్'లో వినండి. తేడా అల్లా, మిగతా చోట్ల ఫ్లాకె కీబోర్డుకి ఊపిరాడే చోటిచ్చారు. ముప్పై సెకన్లు విని, వీడియో పెట్టి, "అయిపోయింది వీళ్ళ పని" అని తీర్పు చెప్పేవాళ్ళకి ఇది ఎక్కడ వినపడుతుంది?

భాష రాకపోతే ఎలా అంటారేమో. నాకు జర్మన్ సరిగ్గా రాకముందే, హైదరాబాద్‌లో ఉన్నప్పుడే, వీళ్ళ పాటలు ఎక్కాయి. మా కజిన్స్ "ఏంటే ఈ అరుపులు" అనేవాళ్ళు. వాళ్ళకి ఇంగ్లిష్ ర్యాప్ మాత్రం ముక్క అర్థం కాకపోయినా పర్లేదు! జర్మన్ అనగానే అరుపులన్నమాట. ఈ ఆల్బమ్‌లో సగం పాటలు అసలు అరవనే అరవవు.

షఫుల్‌లో మాత్రం పెట్టకండి. పదకొండు పాటలు, మొత్తం కలిపి ముప్పావు గంట కూడా లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వరసగా వినండి. చివరి పాట 'అడ్యూ' (అంటే 'వీడ్కోలు') విని, బ్యాండ్ వీడ్కోలు చెప్పేస్తోందని అప్పట్లో చాలామంది టెన్షన్ పడ్డారు. వాళ్ళు విడిపోలేదు, 2023లోనూ 2024లోనూ యూరప్ స్టేడియాల్లో వాయిస్తూనే ఉన్నారు. 'త్సైట్' నచ్చితే 2019 ఆల్బమ్‌కి వెళ్ళండి, అక్కడి నుంచి 'ముట్టర్'కి. 1995 నాటి మొదటి ఆల్బమ్ 'హెర్ట్సెలైడ్' ఆఖర్న వినొచ్చు.