సైట్ దాటి బయట చేసిన పనికి డబ్బులు వదులుకోవాల్సిందేనా?

సందేహం: మేడమ్, మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లో ఉండి ఆన్‌లైన్‌లో తెలుగు అనువాదాలు చేస్తుంటాను. ఒక ఫ్రీలాన్స్ సైట్‌లో బెంగళూరు కంపెనీ ఒకటి పరిచయమైంది. మొదటి చిన్న పనికి డబ్బులు సైట్ ద్వారానే సరిగ్గా ఇచ్చారు. తర్వాత "సైట్‌కి కమీషన్ ఎందుకు, వాట్సాప్‌లో మాట్లాడుకుందాం" అన్నారు. పిల్లల పాఠాల స్క్రిప్టులు 80 వేల పదాలు, పదానికి రూపాయిన్నర, మొత్తం 1,20,000. అడ్వాన్సు 15,000 వేశారు. టైమ్ తక్కువని 30 వేల పదాలు చంద్రగిరిలో, శ్రీకాళహస్తిలో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లకు పదానికి రూపాయి చొప్పున ఇచ్చి చేయించాను. అంతా పంపి నాలుగు నెలలైంది. ఒక్కో భాగం పంపినప్పుడు "బాగుంది, తర్వాతది పంపండి" అన్నవాళ్లే బిల్లు పెట్టాక క్వాలిటీ లేదంటున్నారు. కానీ ఆ పాఠాలు వాళ్ల యాప్‌లో నడుస్తున్నాయి. గట్టిగా అడిగితే, మొదట్లో నేను మెయిల్‌లో ఓకే అన్న రహస్య షరతు, అంటే పని వివరాలు ఎవరికీ చెప్పకూడదన్న షరతు చూపించి, బయట పెడితే 5 లక్షలు కట్టాలి అంటున్నారు. సైట్ రూల్ తప్పింది నేనే కాబట్టి ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను. స్నేహితురాళ్లేమో వాళ్ల డబ్బులు అడుగుతున్నారు.

సమాధానం: అమ్మా, ముందు ఆ చివరి భయం తీసేయండి. సైట్ రూల్ అనేది మీకూ సైట్‌కూ మధ్య ఉన్న ఒప్పందం, అది చట్టం కాదు. దాన్ని తప్పినందుకు సైట్ మీ అకౌంట్ మూసేయొచ్చు, ఫీజు అడగొచ్చు. అంతేగానీ మీతో పని చేయించుకున్న కంపెనీ "నువ్వు సైట్ రూల్ తప్పావు కాబట్టి నేను డబ్బులివ్వను" అనడానికి కుదరదు, పైగా బయటికి రమ్మని పిలిచింది వాళ్లే. మీకు పోయింది హక్కు కాదు, సైట్ ఇచ్చే రక్షణ. అప్‌వర్క్ లాంటి చోట ఫిక్స్‌డ్ రేటు పనికి క్లయింట్ ముందే డబ్బు ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా మధ్యలో పట్టి ఉంచే ఖాతాలో పెట్టాలి, మీరు పని అప్పగించాక 14 రోజుల్లో ఏమీ చెప్పకపోతే ఆ డబ్బు దానంతటదే మీకు వచ్చేస్తుంది. అది లేదు కాబట్టి ఇప్పుడు మనమే అడిగి తెచ్చుకోవాలి.

అగ్రిమెంట్ కాగితం లేదని కూడా దిగులు పడొద్దు. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది, ఇలాంటి పనికి స్టాంపు పేపరు ఉండి తీరాలని అది ఎక్కడా అనలేదు. మెయిల్‌లో, మెసేజ్‌లో కుదిరిన ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 10ఎ చెబుతోంది. రేటు, పదాల లెక్క, అడ్వాన్సు, "బాగుంది, తర్వాతది పంపండి" అన్న మాటలు, ఇవన్నీ కలిపితే అదే మీ అగ్రిమెంటు. ఒకవేళ ఒప్పందం లేదని వాళ్లు వాదించినా, ఉచితంగా చేయని పని ఫలితాన్ని అనుభవించినవాడు దానికి తగ్గ ప్రతిఫలం ఇవ్వాలని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70లో ఉంది. పాఠాలు యాప్‌లో నడుస్తున్నాయి కదా, అవి ఈరోజే తేదీ కనిపించేలా వీడియో తీసి పెట్టుకోండి, రేపు తీసేయొచ్చు.

మీ కేసు బలం మొత్తం ఆ ఫోన్‌లోనే ఉంది. ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు, చాట్‌లో ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయొద్దు, మీకు ఇబ్బందిగా ఉన్నవి కూడా. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. స్క్రీన్‌షాట్ ప్రింట్లు తీసుకెళ్లి ఇస్తే కోర్టులో సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం వాటితో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి.

ఇక మీరు అడగనిది, కానీ వాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఒకటుంది. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం అనువాదానికి కూడా సొంతంగా కాపీరైట్ ఉంటుంది. మీరు జీతం తీసుకునే ఉద్యోగి కాదు, బయటి నుంచి పని చేసిచ్చిన మనిషి. అలాంటప్పుడు ఆ అనువాదానికి మొదటి హక్కుదారు మీరే. ఆ హక్కు వాళ్లకు బదిలీ కావాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఇవ్వాలి, సెక్షన్ 19. మీరు అలా ఇవ్వలేదు. డబ్బులిస్తామన్న మాట మీద మీరే వాడుకోనిచ్చారు కదా అని వాళ్లు వాదించొచ్చు, కానీ డబ్బే ఇవ్వనివాళ్ల నోట ఆ వాదన నిలబడటం కష్టం. ఇక్కడొక మెలిక ఉంది. ఆ 30 వేల పదాల మీద హక్కు మీ స్నేహితురాళ్లది, మీది కాదు. వాళ్ల దగ్గర సంతకంతో రాత తీసుకోకుండా మొత్తం నాదేనని నోటీసులో రాయకండి.

స్నేహితురాళ్ల విషయం కాస్త కష్టంగా ఉన్నా ఉన్నదున్నట్టు చెప్పాలి. వాళ్లకు పని ఒప్పజెప్పింది మీరు, కంపెనీతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు. "నాకు వచ్చాకే మీకు ఇస్తాను" అని ముందే మాట్లాడుకుని ఉంటే తప్ప, కంపెనీ ఇవ్వలేదన్నది వాళ్లకు చెప్పదగ్గ కారణం కాదు. ఆ 30,000 మీ బాకీ. ఇద్దరినీ కూర్చోబెట్టి చాట్ మొత్తం చూపించండి, వచ్చిన 15,000లోంచి కొంతైనా ఇప్పుడే ఇవ్వండి, మిగతాదానికి తేదీ చెప్పండి. రేపు వాళ్లే మీకు సాక్షులు కూడా.

5 లక్షల బెదిరింపు చూసి నిద్ర పాడుచేసుకోకండి. షరతులో అంకె రాసుకున్నంత మాత్రాన కోర్టు అది మొత్తం ఇప్పించదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, అందులోనూ న్యాయమైన పరిహారమే ఇస్తారు. ఏ రహస్య షరతైనా మిమ్మల్ని లాయరు దగ్గరికో కోర్టుకో వెళ్లకుండా ఆపలేదు. అయితే కోపంలో కంపెనీ పేరు, ఫైళ్లు ఫేస్‌బుక్‌లో పెట్టడం మాత్రం చేయొద్దు, అప్పుడు నిజంగానే వాళ్లకు ఒక కేసు దొరుకుతుంది.

పోలీసుల దగ్గరికి వెళ్లాలా అంటే, మీ విషయంలో నేను వద్దంటాను. మోసం కేసు, అంటే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318, నిలబడాలంటే మొదటి నుంచే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. మొదటి పనికీ, అడ్వాన్సుకీ డబ్బులిచ్చినవాళ్ల మీద అది చూపడం కష్టం. డేటా ఎంట్రీ పని ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుని, తర్వాత టార్గెట్ పూర్తి చేయలేదు, కోర్టు నోటీసు అని బెదిరించేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఒక్క రూపాయి కట్టకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీరు మొదట పంపాల్సింది లీగల్ నోటీసు. 15,000 ఎవరి ఖాతా నుంచి వచ్చిందో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి, వాట్సాప్‌లో మాట్లాడిన మేనేజరు పేరు మీద కాకుండా ఆ కంపెనీ అసలు పేరు మీద పంపాలి. స్పీడ్ పోస్ట్‌లోనూ మెయిల్‌లోనూ పంపి, 1,05,000 బాకీ, 15 రోజుల గడువు, ఈ తేదీ నుంచి వడ్డీ కూడా అడుగుతున్నాం అని స్పష్టంగా రాయాలి. వడ్డీ మాట నోటీసులో లేకపోతే తర్వాత దాన్ని రాబట్టుకోవడం కష్టమవుతుంది. కేసు వేయడానికి పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లు టైమ్ ఉంది, కానీ అంతవరకు కూర్చోవద్దు. పని తిరుపతిలో చేశారు, డబ్బు మీ తిరుపతి ఖాతాకే రావాలి కాబట్టి కేసు ఇక్కడే వేయొచ్చన్నది నా అభిప్రాయం. ఆ మెయిల్‌లో "బెంగళూరు కోర్టులు మాత్రమే" అన్న మాట ఉంటే లెక్క మారుతుంది, ముందు అది వెతకండి.

ఖర్చు గురించి టెన్షన్ పడకండి. ఆదాయం ఎంతున్నా సరే, మహిళలకు న్యాయ సేవల చట్టం 1987 సెక్షన్ 12 కింద ఉచితంగా లాయరును ఇస్తారు. తిరుపతి కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీ ఉంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టమని అడగండి, దానికి కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం. కంపెనీ రాకపోతే అప్పుడు సివిల్ దావా.

ఇంకొక పని ఈ వారంలోనే చేయండి. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లోంచే అయిపోతుంది. అది ఉన్న చిన్న వ్యాపారికి దేశంలోని కొనుగోలుదారు 45 రోజుల లోపు చెల్లించాలి, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, ఫిర్యాదు కూడా మీ రాష్ట్రంలోనే. పాత పనికి ఇది వర్తిస్తుందని నమ్ముకోవద్దు, పని ఒప్పుకునేనాటికే రిజిస్ట్రేషన్ ఉండాలని కోర్టులు అన్నాయి. తర్వాతి క్లయింట్‌కు పంపే మొదటి మెయిల్‌లోనే ఆ నంబరు వేయండి, కింద ఇంకొక లైను కూడా: "పూర్తి డబ్బు అందాకే అనువాదంపై హక్కులు రాసిస్తాను."