మూడు పళ్లకు లక్షా ఇరవై వేలు: ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ కట్టాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. నాకు 61 ఏళ్లు, మావారికి 66. కిరాణా కొట్టు నిరుడు మూసేశాం. నాకు కింది దవడలో ఎడమవైపు చివరి రెండు పళ్లు, కుడివైపు ఒక దవడ పన్ను తీసేశారు. సంక్రాంతికి సకినాలు చేస్తాను గానీ ఒక్కటి కూడా కొరకలేను. జొన్నరొట్టె పాలల్లో నానబెట్టుకుని తింటున్నాను. మూడు ఇంప్లాంట్లకు, అంటే దవడలో స్క్రూ దించి దానిమీద పెట్టే పళ్లకు, డాక్టరు 1,20,000 చెప్పారు. ఒకేసారి కడితే 1,08,000కే చేస్తారట. లేదంటే వడ్డీ లేకుండా నెలకు 10,000 చొప్పున 12 నెలలు, ఫైల్ చార్జీ 3,000. మాకు 4 లక్షలకు ఏడాది ఎఫ్‌డీ ఉంది. వడ్డీ 7 శాతం, ఇంకో 5 నెలల్లో గడువు తీరుతుంది. 2 లక్షల చిట్టీ సగం నడిచింది. ఇంటి ఖర్చు నెలకు 20,000. పై వాటా అద్దె, హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి పంపే డబ్బుతో గడిచిపోతుంది. ఆరోగ్య బీమా లేదు. నాకు షుగర్ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ మనసులోని సంకోచం తీసేయండి. షుగర్ ఉన్న మనిషి నమలలేక మెత్తటి అన్నం, చాయ్‌లో ముంచిన బిస్కెట్లతో సరిపెట్టుకుంటే ఒంటికి చేటు. ఇది పెట్టాల్సిన ఖర్చే. వాయిదా వేసినా భారం తగ్గదు. పన్ను లేని చోట దవడ ఎముక అరిగిపోతూ ఉంటుంది, పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది. అప్పుడు ఎముక పొడి వేయాలంటూ బిల్లు ఇంకా పెరుగుతుంది.

ఇక ఆ 'వడ్డీ లేని' ఈఎంఐ సంగతి. 1,08,000కు అయ్యే పనికి మీరు వాయిదాల్లో 1,20,000 కడుతున్నారు. పైన ఫైల్ చార్జీ 3,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 540. అంటే 15,540 రూపాయలు అదనం. లెక్క వేస్తే నెలకు నూటికి 2 రూపాయల 20 పైసల మిత్తి, ఏడాదికి 26 శాతం పైమాటే. ఊళ్లో ఎవరైనా రెండు రూపాయల మిత్తికి అప్పిస్తామంటే మీరు పళ్ల కోసం తీసుకునేవారా? సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎక్కడో ఒకచోట ధరలో కలిసే ఉంటుంది. ఆ కాగితం మీద సంతకం చేయకండి.

ఎంత ఖర్చు పెట్టాలన్నది తేలాలంటే మూడు పళ్లనూ ఒకే గాటన కట్టకుండా చూడాలి. కుడివైపు ఖాళీకి అటూ ఇటూ పళ్లు ఉన్నాయి కాబట్టి అక్కడ బ్రిడ్జి, అంటే ఆ రెండు పళ్లకూ క్యాపులు వేసి మధ్యలో పెట్టుడు పన్నును వాటికి కలిపి బిగించేది, కుదురుతుంది. పోయింది ఒక్క పన్నే అయినా బ్రిడ్జికి మూడు క్యాపుల లెక్క వేస్తారు. క్యాపు 7,000 అనుకుంటే 21,000 అవుతుంది. అయితే దానికోసం పక్కనున్న రెండు పళ్లనూ అరగదీయాలి. ఆ రెంటికీ ఇప్పటికే రూట్ కెనాల్ చేసి క్యాపులు వేసి ఉంటే బ్రిడ్జి మంచి బేరం. అవి చెక్కుచెదరని పళ్లయితే వాటిని పాడుచేసుకోవడం నాకు నచ్చదు. రేపు వాటిలో ఒకటి పుచ్చినా బ్రిడ్జి మొత్తం ఊడదీయాల్సి రావచ్చు. అలాంటప్పుడు 40,000 పెట్టి ఇంప్లాంటుకే వెళ్లండి.

ఎడమవైపు సంగతి వేరు. చివరి రెండూ పోయాయి కాబట్టి బ్రిడ్జిని పట్టుకోవడానికి వెనక పన్ను లేదు. అక్కడ ఇంప్లాంటో, తీసి పెట్టుకునే సెట్టో ఉండాలి. ఇక్కడ డాక్టరుని ఒకటే అడగండి: 'చివరి పన్ను తప్పనిసరిగా పెట్టాలా? ముందుది ఒక్కటి పెడితే నమలడానికి సరిపోదా?' చాలామందికి సరిపోతుంది, చివరి దవడ పన్ను లేకుండానే హాయిగా తింటారు. ఆయన సరేనంటే ఈ ఒక్క ప్రశ్నతో మీకు 40,000 మిగులుతుంది.

తీసి పెట్టుకునే సెట్టు చవకే, కానీ దవడ అరిగేకొద్దీ వదులవుతుంది, సరిచేయించాలి, కొన్నేళ్లకు కొత్తది చేయించాలి. కింది దవడలో ఒకపక్కకే పెట్టేది చాలామంది డబ్బాలో దాచేస్తారు. అదే కావాలనుకుంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో గానీ, ఖమ్మం మమతా డెంటల్ కాలేజీలో గానీ అడిగి చూడండి. కాలేజీ ఆసుపత్రుల్లో ఖర్చు తక్కువ. అయితే కొలతలకని, బిగింపుకని నాలుగైదు సార్లు తిరగాలి. కాజీపేటలో రైలెక్కి వెళ్లి రావడం మీ ఇద్దరికీ ఓపికైన పనేనా అన్నది కూడా ఖర్చులోనే కలపండి.

రెండు ఇంప్లాంట్లతో తేలితే 80,000. ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు. ముందు దవడలో స్క్రూ దించుతారు, ఎముక దాన్ని పట్టుకోవడానికి కింది దవడలో మూడు నెలల దాకా ఆగి, ఆ తర్వాతే క్యాపు వేస్తారు. వైద్యమే రెండు విడతల్లో నడుస్తుంటే డబ్బు మొత్తం మొదటి రోజే ఎందుకివ్వాలి? స్క్రూలకు 50,000, క్యాపులకు 30,000 అని విడివిడిగా బిల్లు రాసిమ్మనండి. స్కానింగ్, ఎముక పొడి, తాత్కాలిక పన్ను ఇందులో ఉన్నాయా, బయటా అన్నది కూడా రాయించండి. గ్యారంటీ అంటే స్క్రూకా, క్యాపుకా, విఫలమైతే మళ్లీ చేసే ఆపరేషన్ ఫీజుకా? అదీ కాగితం మీదే ఉండాలి. షుగర్ అదుపులో లేకపోతే పుండు సరిగా మానదు, స్క్రూ పట్టు తప్పే ప్రమాదం ఉంది. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, మీ షుగర్ డాక్టరు సరేనన్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

మొదటి 50,000 కోసం ఎఫ్‌డీ తీసేయకండి. దాని మీదే బ్యాంకులో అప్పు తీసుకోండి. మామూలుగా ఎఫ్‌డీ రేటుకు ఒక శాతం అటూ ఇటుగా ఎక్కువ వేస్తారు. 8 శాతమైతే 5 నెలలకు 1,667 రూపాయలు. గడువుకు ముందే ఎఫ్‌డీ తీస్తే, ఒక శాతం కోత ఉందనుకుంటే గడిచిన 7 నెలలకు 2,333 పోతుంది. తక్కువ కాలానికి తక్కువ రేటు లెక్కకట్టడం వల్ల పోయేది అదనం. చిట్టీ జోలికి అసలే వెళ్లొద్దు. ఇప్పుడు పాట పాడి ఎత్తుకుంటే వేలల్లో తగ్గించుకోవాలి, చివరిదాకా ఆగితే ఆ నష్టం ఉండదు.

పళ్ల కోసమని బీమా కొనకండి. మామూలు పాలసీలు ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పళ్ల వైద్యానికి చెల్లించవు. మీ అబ్బాయి పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే మాత్రం ఒక వెసులుబాటు ఉంది. బీమా లేని 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చుకు ఏడాదికి 50,000 దాకా మినహాయింపు ఉంటుంది, 80డి అని ఇన్నాళ్లూ పిలుస్తున్నది అదే. బిల్లు అతనే తన ఖాతా నుంచి కట్టాలి, నగదు ఇస్తే చెల్లదు. బిల్లు ఒకసారి ఆడిటర్‌కు చూపించమనండి.

5 నెలల తర్వాత అప్పు తీర్చి, క్యాపులకు కట్టేశాక అసలులో 3,20,000 మిగులుతుంది. అందులో లక్షన్నర పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీంలో వేయండి. 2023 ఏప్రిల్‌లో దాని రేటు 8.2 శాతం చేశారు. ఆ లెక్కన మూడు నెలలకోసారి 3,075 మీ చేతికొస్తుంది. వేసే రోజున రేటు ఎంతుందో చూసుకోండి. మిగతా 1,70,000 బ్యాంకులోనే ఉండనివ్వండి. బీమా లేని మీ ఇద్దరికీ రాత్రికి రాత్రి ఆసుపత్రి అవసరమొస్తే ఆదుకునేది అదే. ఈ వారమే బ్యాంకుకు వెళ్లి ఎఫ్‌డీ రసీదు మీద ఆటో రెన్యువల్ ఉందేమో చూడండి. ఉంటే తీసేయించండి. తీసేయించకపోతే గడువు రోజున డబ్బు మళ్లీ ఏడాదికి లాక్ అయిపోతుంది.