రేడియోగ్రఫీ అసోసియేట్ డిగ్రీ: ఫీజు కంటే పెద్ద ఖర్చు మరొకటి ఉంది

ప్రశ్న: మేము టెక్సాస్‌లో, డాలస్ శివార్లలో ఉంటున్నాము. నా వయసు 36. పదిహేనేళ్ల కిందట గుంటూరులో బీఎస్సీ చదివాను. నిరుడు గ్రీన్‌కార్డు వచ్చింది. మావారి జీతం ఏడాదికి 1,28,000 డాలర్లు. నేను ఒక డేకేర్‌లో గంటకు 15 డాలర్ల చొప్పున వారానికి 30 గంటలు పనిచేస్తున్నాను. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. ఆసుపత్రుల్లో ఎక్స్‌రేల వంటివి తీసే రేడియాలజిక్ టెక్నాలజిస్ట్ కావాలని ఉంది. కమ్యూనిటీ కాలేజీలో పుస్తకాలతో కలిపి 9,000 డాలర్లు అవుతుంది కానీ, ఒక ఏడాది ప్రీరిక్విజిట్లు (కోర్సులో చేరడానికి ముందే పూర్తిచేయాల్సిన సబ్జెక్టులు) చదివి, ఆ తర్వాత పోటీలో సీటు తెచ్చుకోవాలి. ఒక ప్రైవేటు కాలేజీ 46,000 డాలర్లకు వెంటనే సీటు ఇస్తామంటోంది. కోర్సు, అంటే అసోసియేట్ డిగ్రీ, రెండుచోట్లా రెండేళ్లే. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం అమ్మి ఆ ఫీజు కట్టమంటారా?

జవాబు: స్థలం అమ్మవద్దు. కమ్యూనిటీ కాలేజీ దారిలోనే వెళ్లండి. ఫీజుల తేడా ఒక్కటే చూసి ఈ మాట చెప్పడం లేదు. ఫీజు ఒక్కటే చూస్తే మీ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు కూడా, ఎందుకంటే ఈ చదువులో అసలు ఖర్చు మీరు వదులుకునే జీతం.

రేడియోగ్రఫీ విద్యార్థులు కోర్సు రెండేళ్లలో ఎక్కువ భాగం ఆసుపత్రుల్లో క్లినికల్స్, అంటే రోగుల దగ్గర శిక్షణ, చేయాలి. ఉదయం ఆరున్నరకో ఏడింటికో హాజరు కావాలి, దానికి సాధారణంగా జీతం ఉండదు. పిల్లల బడి బస్సు రాకముందే మీరు ఇల్లు వదలాలి కనుక, డేకేర్ ఉద్యోగం ఆ రెండేళ్లూ సాగదనే అనుకోండి. ఇప్పుడు మీకు ఏడాదికి సుమారు 22,500 డాలర్లు వస్తున్నాయి. ఆ మొత్తం మీవారి జీతం పైన చేరి 22 శాతం పన్ను శ్లాబులోకి వెళుతుంది, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద మరో 7.65 శాతం పోతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి చేతికి 15,750 దాకా మిగులుతుంది. రెండేళ్లకు వదులుకునేది 31,500 డాలర్లు. పిల్లలను బడి తర్వాత చూసుకునేందుకు నెలకు 600 చొప్పున రెండేళ్లలో బడి నడిచే నెలలకు 12,000 వేసుకోండి. 9,000 ఫీజు వీటికి కలిపితే కమ్యూనిటీ కాలేజీ చదువు నిజంగా 52,500 డాలర్లకు, ప్రైవేటు చదువు 89,500 డాలర్లకు తేలుతుంది.

ఇక రాబడి. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2024 మే లెక్కల ప్రకారం రేడియాలజిక్ టెక్నాలజిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 77,660 డాలర్లు. అయితే అందులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారూ ఉంటారు కనుక, కొత్తగా చేరేవారికి గంటకు 29 డాలర్లు, అంటే ఏడాదికి సుమారు 60,000 అనుకుని లెక్క వేయడం క్షేమం. ఇప్పటి సంపాదన కంటే పన్ను పోగా 26,000 డాలర్లు అదనంగా వస్తుంది. పిల్లల ఖర్చు అప్పుడూ ఉంటుంది కాబట్టి 20,000 అనే అనుకుందాం. ఈ లెక్కన కమ్యూనిటీ కాలేజీలో పెట్టినది తిరిగి రావడానికి ఉద్యోగంలో చేరాక రెండేళ్ల ఏడు నెలలు, ప్రైవేటులో పెట్టినది రావడానికి నాలుగున్నరేళ్లు పడుతుంది. మొదటి దారిలో మీరు 39వ ఏట ఉద్యోగంలో చేరి నలభై రెండు నిండకముందే గట్టెక్కుతారు. రెండో దారిలో ఒక ఏడాది ముందుగా చేరినా, గట్టెక్కేసరికి నలభై రెండున్నర అవుతుంది.

మొదటిసారి సీటు రాకపోతే ఏమిటన్న భయం మీకు ఉండవచ్చు. అది న్యాయమైన భయమే. ఆ ఏడాది కూడా మీరు డేకేర్‌లో పనిచేస్తూనే ఉంటారు కనుక, ఒకసారి సీటు తప్పినా రెండు దారులూ దాదాపు ఒకేచోటికి చేరుతాయి. రెండుసార్లు తప్పితేనే ప్రైవేటు కాలేజీ వైపు మొగ్గాలి. అందుకే ఒకే కాలేజీని నమ్ముకోకుండా, కారులో వెళ్లిరాగల దూరంలో ఉన్న మరో కమ్యూనిటీ కాలేజీకి కూడా దరఖాస్తు పెట్టండి. మీ జిల్లా పరిధిలో లేని కాలేజీలో ఫీజు కొంత ఎక్కువే ఉంటుంది కానీ, 46,000కు దరిదాపుల్లో కూడా ఉండదు.

డబ్బు కంటే ముందు చూడవలసింది గుర్తింపు. మీరు ఏఆర్‌ఆర్‌టీ (రేడియాలజిక్ టెక్నాలజిస్టులను రిజిస్టర్ చేసే అమెరికా సంస్థ) పరీక్ష రాసి రిజిస్టర్ కావాలి. ఆ సంస్థ అంగీకరించే గుర్తింపు ఉన్న కోర్సు చదివితేనే పరీక్షకు అర్హత వస్తుంది. ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే జేఆర్‌సీఈఆర్‌టీ అనే సంస్థ గుర్తింపు ఉన్న ప్రతి కోర్సూ తన విద్యార్థుల్లో ఎందరు మొదటి ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారో, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయో, ఎందరు కోర్సు పూర్తి చేశారో బహిరంగంగా చూపించాలి. ప్రైవేటు కాలేజీ కౌన్సెలర్‌ను ఈ మూడు అంకెలు అడగండి. నోటిమాటతో సరిపెడితే అక్కడికి మళ్లీ వెళ్లవద్దు. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం గుర్తింపు సంగతి విచారించకుండానే ఒక కాలేజీలో పెద్ద మొత్తం కట్టి, ఆసుపత్రి ఇంటర్వ్యూలో రిజిస్ట్రేషన్ అడిగినప్పుడు గానీ తెలుసుకోలేదు. ఆ అప్పు వారు ఇంకా తీరుస్తున్నారు.

అప్పు సంగతి కూడా చెప్పాలి. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి మీకు ఫెడరల్ విద్యారుణానికి అర్హత ఉంది కానీ, దాని పరిమితి మొదటి ఏడాది 9,500, రెండో ఏడాది 10,500 డాలర్లు మాత్రమే. ప్రైవేటు ఫీజులో మిగిలిన 26,000కు స్థలమో, ఎక్కువ వడ్డీ ఉండే ప్రైవేటు రుణమో దిక్కవుతుంది. స్థలం అమ్మితే ప్రవాసులుగా భారత్‌లో దీర్ఘకాలిక లాభంపై 12.5 శాతం పన్ను, దానిపై సెస్సు, ఆదాయం ఎక్కువైతే సర్‌ఛార్జీ కూడా కట్టాలి, అదే లాభాన్ని అమెరికా రిటర్నులోనూ చూపాలి. మీ పేరున ఉన్న ఒకే ఒక్క ఆస్తిని, 9,000తో అయ్యే పనికి కరిగించడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఆ 9,000 మూడేళ్లలో విడతలుగా కట్టేదే కనుక ఇంటి జీతంలోనుంచే సర్దవచ్చు. పైగా మీ ఉమ్మడి ఆదాయం 1,60,000 దాటలేదు కాబట్టి, కట్టిన ట్యూషన్‌లో 20 శాతం లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్‌గా పన్నులో తగ్గుతుంది.

వచ్చే సెమిస్టరులో అనాటమీ, ఫిజియాలజీ మొదటి భాగం ఒక్కటే, సాయంత్రపు తరగతిలో తీసుకోండి. గుంటూరు మార్కులు మూల్యాంకనం చేయించినా, పాత సైన్సు క్రెడిట్లను చాలా కాలేజీలు ఒప్పుకోవు. సీట్ల ఎంపికలో ఈ సబ్జెక్టు గ్రేడుకు ఎక్కువ విలువ ఉంటుంది కనుక, కిందటి ఏడాది సీటు వచ్చినవారిలో చివరి విద్యార్థి గ్రేడు ఎంతో కాలేజీ సలహాదారును అడిగి తెలుసుకోండి. మీకు వచ్చిన గ్రేడు దానికి బాగా తక్కువగా ఉంటే నాకు మళ్లీ రాయండి. అప్పుడు శ్వాసకోశ చికిత్స వంటి కోర్సులతో కలిపి ఈ లెక్కను కొత్తగా వేద్దాము.