మందు గోలీలు, చచ్చిన జంతువులు పెడితే అది ఆర్ట్ ఎట్లయితది?

మంచిగ అడిగిన్రు, నాక్కూడ మొదట్ల ఇదే డౌట్. ఎక్కువ మందికి తెల్సింది డేమియన్ హర్స్ట్ అనే బ్రిటిష్ ఆర్టిస్టు, 1991ల చచ్చిన షార్క్ చేపను ఫార్మాల్డిహైడ్ (శవాలు పాడుగాకుండ ఉంచే మందు) నింపిన అద్దాల తొట్టిల పెట్టిండు, అది పాడైతే 2006ల ఇంకోటి పెట్టిన్రు. ఇంకో బ్రిటిష్ ఆర్టిస్టు మార్క్ క్విన్ అయితే కొన్ని నెలలు తన రక్తమే తీయించుకొని దాంతోని తన తలకాయ బొమ్మ పోసిండు, అది ఎప్పుడూ గడ్డకట్టిన చల్లదనంలనే ఉండాలె, లేకుంటే కరిగిపోతది.

కానీ నా మనసుకు తాకింది లండన్ బ్రిటిష్ మ్యూజియంల ఉన్న ‘క్రేడిల్ టు గ్రేవ్’ (ఊయల నుంచి సమాధి దాకా), 2003ది. ఇద్దరు ఆర్టిస్టులు, ఒక డాక్టరమ్మ కల్సి చేసిన్రు. మగాయనకు ఒకటి, ఆడామెకు ఒకటి, రెండు పొడుగు బట్టలు, సన్న దారంతోని అల్లిన చిన్న చిన్న జేబులల్ల ఒక్కో గోలీ, ఒక్కో బట్టల 14,000 పైననే. బ్రిటన్‌ల ఒక మనిషికి జీవితం మొత్తంల డాక్టర్లు రాసిచ్చే మందుల లెక్క అది. అందుల మగాయన మొదటి 66 ఏండ్లల ఎన్ని మింగిండో ఆఖరి పదేండ్లల అన్ని మింగి పక్షవాతంతోని పోతడు.

మాది చౌటుప్పల్ దిక్కు, మగ్గం ఇల్లు, బట్ట చూస్తే ఎంత పనో చేతికే తెలుస్తది, అందుకే దాని ఫొటో చూసి చానాసేపు అట్లనే కూసున్న. మా అమ్మ బీపీ, షుగర్ గోలీలు బిస్కెట్ డబ్బాల పెట్టుకుంటది, ఖాళీ షీట్లు కూడ పారెయ్యది. ఆ రోజు డబ్బా తీసి ఒక్కో షీటు నేల మీద పరిచిన, గడప దాకా వచ్చినయ్.