బుజ్జీ, టోక్యోలో ఏదైనా ముందే చెప్పి తిను

బుజ్జీ,

నీకు టోక్యోలో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. మన ఇంటి ఆడపిల్ల అంత దూరం వెళ్తోందని వీధిలో అందరికీ చెప్పేశాను. పడుకోబోతే మాత్రం నిద్ర పట్టలేదు, ఎందుకంటే నువ్వు భీమవరంలో పుట్టి కూడా రొయ్య పడని పిల్లవి. చిన్నప్పుడు ఒక పెళ్లిలో ఎవరో ముద్దుకి ఒక్క వేపుడు ముక్క నోట్లో పెడితే పెదాలు ఉబ్బిపోయి ఊపిరాడక గిలగిల్లాడావు, నిన్ను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది నేనే.

అక్కడ రొయ్య కంటికి కనపడదే. తకోయాకి అంటే ఆక్టోపస్ ముక్క పెట్టిన ఉండలే కదా అనుకుంటావు, పిండిలో ఎండు రొయ్యపొట్టు కూడా వేస్తుంటారు. ఒకొనొమియాకి అట్టుదీ అదే కథ. పిండిలో ముంచి బజ్జీల్లా వేయించే టెంపురా కొట్లో నువ్వు గుమ్మడికాయ, చిలగడదుంప మాత్రమే అడిగినా, అవి వేగేది రొయ్యలు వేగిన నూనెలోనే. ప్యాకెట్ సరుకులో రొయ్య, పీత, వేరుశనగ లాంటివి ఉంటే పైన రాసి తీరాలని అక్కడ చట్టం ఉంది, హోటల్లో వండి పెట్టేదానికి మాత్రం అది వర్తించదు. అందుకని జపనీసు వచ్చినవాళ్లతో ఒక కార్డు రాయించుకో: రొయ్య, పీత పడవు, అవి వేగిన నూనె, ఉడికిన రసం కూడా పడవు అని. ఆ మాట కూర్చున్నాక కాదు, టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. కుదరదన్నారనుకో, మొహం మాడ్చుకోకు. నీకేమైనా అవుతుందేమోనని వాళ్ల భయం.

టిప్పు ఇవ్వకు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకు, అది పోయినవాళ్లకి పెట్టే పద్ధతి. హోటల్ గుమ్మంలో మెషీన్ ఉంటే డబ్బు వేసి, బొత్తాం నొక్కి, వచ్చిన చీటీ లోపల ఇవ్వు. ఇజకాయా అంటే తాగుతూ తినే చిన్న హోటల్, అక్కడ అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెట్టి బిల్లులో వేస్తారు, దానికి గొడవ పడకు. బ్యాగులోంచి కారప్పొడి డబ్బా తీశావో, చూడు!

ఇక మీ మామయ్య నిర్వాకం. మేం టోక్యోలోనే నిషికసాయ్‌లో ఉండే రోజుల్లో ఆయనకి ఎనిమిది కుర్చీల చిన్న సుషీ కొట్టు ఒకటి తెగ నచ్చింది. ఆరుగురికి బుక్ చేశాడు. తీరా ఇద్దరు రామన్నారు, ఈయన ఆ సంగతి కొట్టుకి ఫోన్ చేసి కూడా చెప్పలేదు, పైగా అరగంట ఆలస్యంగా వెళ్లాం. బల్ల మీద ఆరుగురికీ చాప్‌స్టిక్స్ అడ్డంగా వరసగా పెట్టి, ఆరు తడి తువాళ్లు చుట్టి ఉంచారు. మిగతా ఇద్దరూ ఏరని కొట్టు నడిపే పెద్దాయన అడిగితే మీ మామయ్య నవ్వేసి, వాళ్లకేదో పని పడిందన్నాడు. అక్కడితో ఊరుకోకుండా, మాలో ఒకాయన పచ్చి చేప తినడు, వేయించింది ఏదైనా పెట్టండి అన్నాడు. పెద్దాయన ఒక్క క్షణం కత్తి ఆపాడు. తర్వాత తల ఊపి, మా నలుగురికీ ఎంతో చక్కగా వడ్డించి, నలుగురికే బిల్లు వేశాడు. మీ మామయ్య, ఎంత మర్యాదస్తులో చూశావా అని దారి పొడుగునా మురిసిపోయాడు. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఖాళీ లేదండీ అనే సమాధానం. చివరికి ఆఫీసులో ఒకాయన విడమర్చి చెప్పాడు, ఆరుగురికి సరిపడా చేప పొద్దున్నే కొనేసి ఉంటారు, ఎనిమిది కుర్చీల్లో రెండు ఖాళీ అంటే ఆ పూట గిరాకీలో పావు వంతు పోయినట్టే అని. మన ఇళ్లలో పదిమందిని పిలిస్తే పదిహేనుమంది వస్తారు, పప్పులో ఇంకో గ్లాసు నీళ్లు పోస్తాం, అక్కడ ఆ లెక్క కుదరదు. మీ మామయ్య స్వీట్ల డబ్బా పట్టుకుని క్షమాపణ చెప్పడానికి వెళ్లాడు. పెద్దాయన తీసుకున్నాడు, నడుం వంచి దణ్ణం పెట్టాడు. టేబుల్ మాత్రం ఇవ్వలేదు.

భయపెడుతున్నానని ఇంట్లో తలుపేసుకుని పప్పూ అన్నమే తింటావేమో, అలా మాత్రం చెయ్యకు. మన ఊళ్లో ఆడపిల్ల ఒక్కతే హోటల్‌కి వెళ్తే నలుగురూ తలలు తిప్పుతారు, అక్కడ నీ వంక చూసేవాడు ఉండడు, ఒక్కరి కోసమే వేసినట్టుండే బల్లలు కోకొల్లలు. మధ్యాహ్నం తేయ్‌షొకు చెప్పు, కాల్చిన చేప, అన్నం, మిసో సూపు, ఊరగాయ కలిపి వెయ్యి యెన్లకి అటూఇటూగా వస్తుంది. శరదృతువులో సన్మా చేప వస్తుంది, ఉప్పు రాసి కాల్చి, పక్కన తురిమిన ముల్లంగి పెడతారు. మధ్యలో కొన్నేళ్లు సరిగ్గా పడక ధర పెరిగిందన్నారు, ఏదేమైనా ఒక్కసారైనా తిను. పై వైపు తినేశాక చేపని తిరగెయ్యకు, తోక దగ్గర నుంచి ముల్లు మొత్తం లేపి పక్కన పెట్టి కింది వైపు తిను. గోదావరి పిల్లకి ముల్లు తియ్యడం నేను నేర్పాలా ఏంటి!

మందులు ఎప్పుడూ పర్సులోనే ఉండాలి. అక్కడ అంబులెన్స్ నంబరు 119, ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకో. కార్డు రాయించాక ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, ఎండు రొయ్యపొట్టు సంగతి అందులో ఉందో లేదో నేను చూడాలి.

మీ అత్త