గైడెడ్ షెల్స్ పనికి ఈఈఈ చాలదా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీటెక్ ఈఈఈ రెండో సంవత్సరం. ఫిరంగి నుంచి వెళ్లి, ఇంజిన్ లేకుండా గాల్లో జారుతూ లక్ష్యాన్ని చేరే గైడెడ్ షెల్స్ మీద పనిచేస్తానంటోంది. దానికి ఏరోస్పేస్ చదవాలి కదా? బ్రాంచి తప్పు తీసుకున్నామేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, గాజువాక

జవాబు: బ్రాంచి తప్పేమీ కాలేదండీ. ఈ పనిలో ఏరోడైనమిక్స్ ఒక పాలు మాత్రమే. సెన్సర్లు, ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ అన్నీ మీ అమ్మాయి సిలబస్‌కి దగ్గరివే.

ఫిషింగ్ హార్బర్‌కి తిరిగొస్తున్న పడవను తలుచుకోండి. డాల్ఫిన్స్ నోస్ కొండను చూసి తానెక్కడున్నాడో సరంగు పోల్చుకోవడం నావిగేషన్. గాలి పక్కకు నెడుతుంటే ఎటు పట్టాలో తేల్చుకోవడం గైడెన్స్. చుక్కానిని సరిగ్గా అంతే తిప్పడం కంట్రోల్. షెల్‌కి పడవలా ఇంజిన్ లేదు. ఉన్న ఎత్తు, వేగమే దాని పెట్టుబడి. తిరిగిన ప్రతి మలుపుకీ అందులోంచి కొంత ఖర్చవుతుంది. పైగా ఫిరంగి గొట్టంలో గురుత్వానికి పదివేల రెట్లు దాటిన కుదుపు తగులుతుంది. అది తట్టుకుని, గిర్రున తిరుగుతూ కూడా ఏది పైనో ఏది కిందో తెలుసుకోవాలి. అక్కడ ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లు లేకుండా పని జరగదు.

2024 ఆగస్టు 13న ఒడిశా తీరంలో సుఖోయ్-30 నుంచి పరీక్షించిన గౌరవ్ గ్లైడ్ బాంబు కూడా ఇలా జారుతూ వెళ్లేదే. దాని వెనుక రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకి చెందిన హైదరాబాద్ ల్యాబ్ ఆర్‌సీఐ ఉంది. మన ఊళ్లోని డీఆర్‌డీవో ల్యాబ్ ఎన్ఎస్‌టీఎల్‌ది నీళ్లలో దూసుకెళ్లే టార్పెడోల పని. నీళ్లలో జీపీఎస్ అందదు కానీ లెక్కలు చాలావరకు ఇవే.

ఇప్పుడు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా చదవమనండి. తప్పులతో వచ్చే సెన్సర్ రీడింగుల నుంచి అసలు స్థితిని అంచనా కట్టే లెక్క కాల్మన్ ఫిల్టర్. 1960లో వచ్చిన అది ఈ రంగానికి ఇప్పటికీ అన్నం పెడుతోంది, దానికి ఆ రెండూ కావాలి. కదలికనీ, తిరుగుడునీ కొలిచే సెన్సర్లుండే ఐఎంయూ బోర్డు చవకగా దొరుకుతుంది, ఒకటి కొనివ్వండి. బల్లమీద కదలకుండా పది నిమిషాలు పెట్టి, అందులో తిరుగుడు కొలిచే గైరో రీడింగులు కూడుతూ పోతే అది తిరిగిపోయినట్టు చూపిస్తుంది! ఆ తప్పును సరిదిద్దడం తనంతట తాను నేర్చుకుంటే, డబ్బు కట్టి తెచ్చుకునే ‘మిసైల్ కోర్సు’ సర్టిఫికెట్లు నాలుగింటికన్నా అదే మేలు.

తర్వాత గేట్. ఎలక్ట్రికల్ పేపరే రాయొచ్చు. ఐఐటీ బాంబేలో సిస్టమ్స్ అండ్ కంట్రోల్‌లో ఎంటెక్ ఉంది. డీఆర్‌డీవో సైంటిస్ట్-బి పోస్టులకూ గేట్ స్కోరు, ఆపైన ఇంటర్వ్యూ. ఇంటి నుంచే డ్యూటీకి వెళ్లొస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. హైదరాబాదో పుణెనో పంపడానికి ముందు సిద్ధపడాల్సింది మీరే.