ప్రీస్కూల్ టీచర్ అవుతానన్న మా చెల్లెలి కూతురికి

బిడ్డా,

ఇంజనీరింగ్ వద్దు, చిన్నపిల్లలకు చదువు చెప్పే కోర్సులో చేరతానని ఇంట్లో తేల్చి చెప్పావట. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నాకైతే ముందు సంతోషం, ఆ వెనకే టెన్షన్, తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా ఊళ్లు తిరిగినన్నాళ్లూ మనింటి పిల్ల ఒక్కతైనా ఈ పనిలోకి వస్తే బాగుండునని లోపల ఉండేది, ఎవరితోనూ అనలేదు. "ఆయా పనికి కాలేజీ ఎందుకు" అన్నాడట మీ బాబాయ్. ఆ మాట మనసులో పెట్టుకోకు, ఆయనతో నేను మాట్లాడతా.

మెమోలన్నిటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకో. టీచర్ డిప్లొమాల ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని ఉండు. అది నీకు చేతనవును.

నా భయమంతా కోర్సు ఎంచుకోవడం దగ్గరే. తెలంగాణలో డీఈఈసెట్ రాస్తే రెండు డిప్లొమాల దారులు తెరుచుకుంటాయి, ప్రాథమిక తరగతుల టీచర్లకు డీఈఎల్ఈడీ, ఇంకోటి డీపీఎస్ఈ. రెండూ రెండేళ్లే. డీపీఎస్ఈ అచ్చంగా బడికి ముందు వయసు పిల్లల కోసం పెట్టింది, నీ మనసు దాని మీదే ఉందని మీ అమ్మ చెప్పింది. కానీ ప్రభుత్వ బడిలో ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ కావాలంటే టీచర్ అర్హత పరీక్ష టెట్ మొదటి పేపర్ రాయాలి, దానికి డీఈఎల్ఈడీ కావాలి, డీపీఎస్ఈ చెల్లదు. డిగ్రీ చేసి బీఈడీ చేయమనేవాళ్లు కూడా వస్తారు. బీఈడీతో ప్రాథమిక తరగతులకు చెప్పడం కుదరదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది కాబట్టి ఆ సలహా అక్కడే ఆపేయ్. డిగ్రీ, టీచర్ శిక్షణ కలిపిన నాలుగేళ్ల ఐటెప్ ఉంది, దానికి ఎన్‌సీఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో ఫౌండేషనల్ స్టేజ్, అంటే చిన్నపిల్లల దశ ఉన్న కాలేజీ దొరికితే మంచిదే, సెకండరీ స్టేజ్‌లో మాత్రం చేరిపోకు. సైఫాబాద్‌లో ఒకప్పటి హోమ్‌సైన్స్ కాలేజీ, ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు, పిల్లల ఎదుగుదల గురించి లోతుగా చదవాలంటే అదీ ఓ దారి.

నన్నడిగితే ముందు డీఈఎల్ఈడీ చెయ్. ఆ తర్వాత ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీలో చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీదున్న డిప్లొమా కట్టు. 2020 విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లలందరినీ ఒకే దశ కింద పెట్టింది, అంటే నర్సరీ నుంచి రెండో తరగతి దాకా. నీ దగ్గర రెండు కాగితాలూ ఉంటే ఆ దశలో నిన్ను ఎక్కడా ఆపలేరు.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానో తెలియాలంటే మీ చిన్నమ్మ సంగతి రాయాలి. ఆమెను అడిగే రాస్తున్నా. ఆమె కూడా నీలాగే, ఎక్కడ పసిపిల్ల కనిపిస్తే అక్కడ ఆగిపోయేది. ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో ఏడాది కోర్సుకు చేరింది. బోర్డు మీద మాంటిస్సోరి అని పెద్ద అక్షరాలు. ఆ పద్ధతి పెట్టిన మహాతల్లి మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చింది, ఆమె పేరంటే మన దేశంలో అంత గౌరవం. కానీ ఆ పేరు మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా బోర్డుకు ఎక్కించుకోవచ్చు, అది మాకెవరికీ తెలియదు. మీ తాతయ్య అమ్మమ్మ గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టాడు. ఏడాదంతా థర్మాకోల్ కోయడం, చార్టులు అతికించడం. ఒక్క వారం కూడా పిల్లల మధ్య కూర్చోబెట్టలేదు. పైగా వెరిఫికేషన్ అని పదో తరగతి మెమో, ఇంటర్ మెమో ఒరిజినల్స్ తీసుకుని దగ్గర పెట్టుకున్నారు. తామే చూపించిన బడిలో చేరి, జీతం చాలక మానేస్తానంటే, బాండ్ డబ్బు కడితేనే ఇస్తామన్నారు. మళ్లీ అప్పు. ఇదంతా అయ్యాక, 2011లో ఉమ్మడి రాష్ట్రంలో మొదటిసారి టెట్ పెట్టినప్పుడు, అప్లికేషన్‌లో అర్హతల కాలమ్ దగ్గర ఆమె వేలు కిందికీ పైకీ తిరిగింది. ఆమె చదివిన కోర్సు పేరు ఎక్కడా లేదు. ఇప్పటికీ ఓ ప్రైవేటు బడిలో నర్సరీ చెప్తోంది, పిల్లలు ఆమె కొంగు వదలరు, డిప్లొమా ఉన్న కొత్త పిల్లలకంటే జీతం మాత్రం తక్కువ.

కాబట్టి కాలేజీకి టీచర్ కోర్సులకు గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో, నువ్వు చేరే కోర్సుకే ఉందో లేదో, వాళ్ల వెబ్‌సైట్‌లో నువ్వే చూడు, కాలేజీవాళ్ల మాట నమ్మకు. ఒరిజినల్స్ చూపించు, జిరాక్సులు ఇవ్వు, అడ్మిషన్‌కు తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే సంతకం, ముద్ర ఉన్న రసీదు తీసుకో. అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘం ఏఎంఐ వాళ్ల డిప్లొమా మంచి శిక్షణే, ఎప్పుడైనా చేయాలనిపిస్తే చెయ్, కానీ టెట్‌కు అదీ పనికిరాదని తెలిసి చెయ్.

ఇంకోటి. ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతారు, ఎన్నాళ్లు పంపుతారు అని అడుగు, సీనియర్లనూ విడిగా అడుగు. రికార్డులు కొనుక్కుని సంతకాలు పెట్టించుకుంటే చాలనే కాలేజీ అయితే వద్దు తల్లీ. మహబూబాబాద్ వైపు ఒక తండాలో కొత్తగా వచ్చిన టీచర్ మూడున్నరేళ్ల పిల్లాణ్ని చూపించి, వీడికి ఏం చెప్పినా ఎక్కదు మేడమ్ అంది. వాడు గోడవైపు తిరిగి కూర్చుని చాప ఈనెలు పీకుతున్నాడు. భోజనం వేళ, ఆ తండాకే చెందిన ఆయా లంబాడీలో ఏదో అంది. వాడు చటుక్కున లేచి, ప్లేట్ల దొంతర పొట్టకు ఆనించుకుని, ఒక్కొక్కరి ముందూ ఒక్కోటి పెట్టుకుంటూ వెళ్లాడు, ఎవరినీ వదల్లేదు. లెక్క వచ్చు, వరుస వచ్చు, చెప్పిన పని అర్థమవుతుంది. అతని ఇంటి భాష టీచరుకు రాదు, అంతే. ఇలాంటివి నోట్సులో దొరకవు, పిల్లల పక్కన కింద కూర్చుంటేనే కనిపిస్తాయి.

మూడేళ్ల పిల్లల చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల కాపీ రాయించే బడిలో ఎంత జీతమిచ్చినా చేరకు. ఇరవైమందికి మించి ఒక్కదాని మీద వదిలేస్తే అడుగు, నోరు మూసుకోకు. బాత్రూమ్‌కు తీసుకెళ్లినప్పుడు, ఆటో ఎక్కించేటప్పుడు తలలు లెక్కపెట్టు, ప్రతిసారీ. దీనికి మాత్రం నా మీద ఒట్టు.

సన్నబడ్డావని మీ అమ్మ అంది, పరీక్షలని తిండి మానేయకు. సెలవుల్లో నా దగ్గరికి వచ్చెయ్, మా ఊరి అంగన్‌వాడీ సెంటర్ టీచర్ నాకు తెలిసినావిడే, రోజూ పొద్దున వెళ్లి కూర్చుందువు. కాలేజీ పేరు తేలగానే ఫీజు కట్టకముందే ఆ కాగితాలన్నీ నాకు వాట్సాప్ చెయ్, మీ చిన్నమ్మ కూడా చూస్తానంది.

మీ పెద్దమ్మ